అయిదు శ్రుతికి వెంట్రుకవాసి పైన

నేను కొన్న వస్తువు మొదట్లో బాగానే పనిచేసేది. బాగా పనిచేసే వస్తువుని బాగుచెయ్యాలనుకోవడంతో నా తిప్పలు మొదలయ్యాయి.

అది సబ్బు బిళ్ళంత పెట్టె. ఫోనుకీ హెడ్‌ఫోనుకీ మధ్య తగిలిస్తే పాట కాస్త పెద్దగా, కాస్త నిండుగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ అని దాని పూర్తి పేరు, మా ఇంట్లో యాంపు అంటాం. లోపల చార్జింగు బ్యాటరీ ఉంటుంది కాబట్టి జేబులో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. నేను పోయేది విజయనగరంలో మా ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్ దాకా. ఆటోవాడు పెట్టిన పాట వాడిది, నా పాట నాది. ఎవరి దారిన వాళ్ళం సుఖంగా ఉండేవాళ్ళం. సుఖంగా ఉన్నవాణ్ణి ఊరుకోవచ్చు కదా, పోయి పోయి ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను.

ఆ గ్రూపులో అందరికీ చెవులున్నాయి. మనకున్నవాటిలాంటివి కావు. కొందరికి పాట 'వెచ్చగా' వినబడుతుంది, కొందరికి 'చల్లగా', ఒకాయనకి వాయిద్యాల మధ్య గాలి ఆడటం కూడా వినబడుతుంది. నేను కొత్తగా చేరి నా యాంపు ఫొటో పెట్టగానే ఆ గాలి ఆడే ఆయన అడిగాడు, ఇంకా ఫ్యాక్టరీవాళ్ళు వేసిన ఐసీతోనే వింటున్నారా అని. పాచి మొహంతో అన్నానికి కూర్చున్నారా అని అడిగినట్టుంది. ఐసీ అంటే లోపల ఉండే ఎనిమిది కాళ్ళ నల్ల చిప్పు. శబ్దాన్ని పెంచే చాకిరీ అంతా దానిదే. దాన్ని పీకేసి మరో రకం ఐసీ పెడితే పాట మీద కప్పిన దుప్పటి తీసినట్టుంటుందని ఆయన సెలవిచ్చాడు. అంతకుముందు దుప్పటి ఉందనే నాకు తెలీదు. తెలిశాక ఊపిరాడలేదు.

ఇంతకీ నేను చెప్పే పాఠం ఎలక్ట్రానిక్స్. ఆ ఐసీ కడుపులో ఏం జరుగుతుందో బోర్డు మీద గీసి చూపిస్తాను. మంచి ఐసీకీ ఇంకా మంచి ఐసీకీ ఉన్న తేడా మనిషి చెవికి అందదని పిల్లల చేత పరీక్షల్లో రాయించి మార్కులు కూడా వేశాను. అయినా ఆర్డరు పెట్టాను. పిల్లలకి చెప్పినవన్నీ మనమూ పాటిస్తే ఇక బతకడమెలా?

ఐసీ వచ్చింది. కాలేజీ ల్యాబులో మధ్యాహ్నం ఖాళీ చూసుకుని సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను. మా ల్యాబులో ఐరన్‌కి రెండే గుణాలు, వేడెక్కితే ఎర్రబడేదాకా వేడెక్కుతుంది, లేదంటే అసలు వేడెక్కదు. నా చేతికి మొదటి రకం దొరికింది. పాత ఐసీ ఊడి వచ్చింది, దాన్ని అంటుకుని బోర్డు మీది సన్నటి రాగి రేకు కూడా లేచి వచ్చింది. అది గ్రౌండు గీత. అంటే లోపలి కరెంటంతా చివరికి వెళ్ళి చేరవలసిన దారి. దారి తెగిపోతే పక్కనుంచి డొంకదారి వేసినట్టు, ఒక పాత తీగముక్క వంకరగా తిప్పి టంకం పెట్టాను. ఇకపై ఐసీ మార్చాలంటే టంకం అక్కర్లేకుండా, పీకి గుచ్చడానికి వీలుగా ఒక ఐసీ బేసు కూడా బిగించాను. రోగం తగ్గించుకునే ఉద్దేశమున్నవాడు చేసే పని కాదది.

బ్యాటరీ మీద బ్రహ్మాండంగా పలికింది. చార్జరు తగిలిస్తే మాత్రం పాట వెనక ఒక మోత. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిలబడితే వినిపిస్తుందే, అలాంటిది, లోతుగా, ఎడతెగకుండా. కరెంటు హమ్ము అంటారు దాన్ని. నా వంకర తీగ పుణ్యం. మా ఆవిడ చెవులకి తగిలించి ఎలా ఉందని అడిగాను. రెండు చెవులూ మూసేస్తే కుక్కరు కూత వినబడదని తీసి చేతిలో పెట్టింది. ఆ హమ్ము గురించి గ్రూపులో చెప్పే ధైర్యం నాకు లేదు. దుప్పటి తీసేసిందనీ గాలి బాగా ఆడుతోందనీ రాశాను. అందరూ బొటనవేళ్ళు పెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మావయ్య ఫోను చేశాడు.

మావయ్య అంటే మా మేనత్త భర్త. చీపురుపల్లి స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే వాళ్ళ ఊరు. వరి, నువ్వులు వేసుకునే సంసారం. దాంతోపాటు ఊరి కోవెల్లో ఒక సేవ ఉంది వాళ్ళింటికి. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున స్వామికి మేలుకొలుపు పాడాలి. ఆ పాటలు వాళ్ళింటి ఆడవాళ్ళవి, అత్తగారి నోటి నుంచి కోడలి నోటికి వస్తాయి. మా అత్త కాపురానికి వెళ్ళిన ఏడాది మొదలుపెట్టి నిరుడు సగం నెల దాకా పాడింది.

సగం నెల దాకానే ఎందుకంటే, అత్తకి వినికిడి పోతోంది. ఇంట్లో మాటలు పెదాలు చూసి పట్టేస్తుంది కాబట్టి చాన్నాళ్ళు ఎవరికీ తెలీలేదు. కానీ పాట పెదాలు చూసి పాడేది కాదు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది, శ్రుతి వినబడనిదే నోరు తెరవకూడదు. పూర్వం తంబుర ఉండేది, తర్వాత కరెంటుతో పలికే చిన్న శ్రుతి పెట్టె వచ్చింది. నిరుడు ఒకరోజు ఆ పెట్టె పక్కనే పలుకుతుండగా అత్త దానికి దూరంగా, ఎక్కడికో జారిపోయి పాడింది. అర్చకుడి మొహం చూసి తనే కనిపెట్టింది. ఆ పాట అక్కడే ఆపేసి ఇంటికొచ్చి పడుకుంది. మిగతా నెల కోవెల కమిటీవాళ్ళు పెన్ డ్రైవ్‌లో ఎవరివో మేలుకొలుపులు పెట్టి మైకులో వేశారు.

చెవి మిషను కొన్నారు. పెట్టుకుంటే కుర్చీ జరిపిన చప్పుడు పిడుగులా పడుతోందనీ, శ్రుతి మాత్రం రావడంలేదనీ దాన్ని బీరువాలో పెట్టేసింది. ఇప్పుడు మావయ్య ఫోను సారాంశం ఏమిటంటే, కమిటీ పెద్ద ఇంటికి వచ్చాడు. చలిలో పెద్దావిడకి ఎందుకు శ్రమ, ఈ ఏడాది నుంచి పెన్ డ్రైవే ఖాయం చేసుకుందామా అని చాలా మర్యాదగా అడిగి వెళ్ళాడు. ధనుర్మాసం పట్టేలోపు ఏ సంగతో చెప్పాలి. అత్తకి కోడలు లేదు కాబట్టి తరతరాల సేవ గోరంత ప్లాస్టిక్ ముక్కకి వారసత్వంగా దక్కబోతోంది. దానికైతే జలుబు చెయ్యదు, చెవుడు రాదు, ప్రసాదంలో వాటా కూడా అడగదు. అత్త దీని గురించి ఏమీ మాట్లాడటంలేదు, అన్నం సరిగ్గా తినటంలేదు, ఒకసారి వచ్చి చూసిపోరా అన్నాడు మావయ్య.

వెళ్ళాను. జేబులో యాంపు కూడా తీసుకెళ్ళాను. అత్తకి సాయం చేద్దామని కాదు, ఉన్నమాట చెబితే తప్పేముంది. మా వంశం మొత్తంలో స్వరం తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే, నా కొత్త ఐసీ గొప్పతనానికి ఆవిడ చేత ఒక సర్టిఫికెట్టు ఇప్పించుకుందామని. చెవిటివాడి ముందు శంఖం ఊదడమని లోకంలో ఒక సామెత ఉంది. నేను ఆ శంఖాన్ని టిక్కెట్టు కొనుక్కుని ప్యాసింజర్లో మోసుకెళ్ళాను.

దారిలో వింటూ వెళ్ళడంతో బ్యాటరీ అయిపోయింది. మావయ్య ఫోను చార్జరు తీసి యాంపుకి తగిలించి, హెడ్‌ఫోను అత్త తలకి పెట్టి, శబ్దం బాగా పెంచాను. ఫోన్లో పాట వెతుకుతున్నాను, ఇంకా ఏదీ పెట్టనేలేదు. హమ్ము మాత్రం చెవుల్లో మోగుతూ ఉండి ఉంటుంది. ఆ సంగతి తట్టి సిగ్గేసింది. ఒక్క నిమిషం అత్తా అని తీగ పీకబోతే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకుని, మేలుకొలుపు ఎత్తుకుంది.

ఏడాదిగా ఆ ఇంట్లో వినబడని గొంతు. కాస్త బొంగురుపోయింది గానీ నిలబెట్టిన చోట నిలబడింది. మావయ్య పెరట్లోంచి బొప్పాయి కోసే కర్రతో సహా వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. పాట అయ్యాక అత్త హెడ్‌ఫోను తీసి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బాగుందిరా అంది. అంతే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నా ఐసీ గొప్పతనానికి.

చూశారా, నా బుద్ధి అక్కడుంది. కొత్త ఐసీ మూలంగానే ఆవిడకి పాట పలికిందని నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. హమ్ముతోనే ఇంత పాడితే, అది కూడా లేకుండా చేసి ఇంకా మేలైన ఐసీ వేస్తే ఇంకెంత పాడుతుందో! కమిటీ పెద్దకి మా అత్తే పాడుతుందని చెప్పెయ్ మావయ్యా అని మాటిచ్చి విజయనగరం వచ్చాను. మాట ఇచ్చేటప్పుడు మనకి ఉత్సాహమే గానీ భయం ఉండదు కదా.

ఈసారి పని పద్ధతిగా చేశాను. వంకర తీగ తీసేసి, గ్రౌండు గీతని మందపాటి రాగితీగతో సాపుగా కలిపాను. గ్రూపులో గాలి ఆడే ఆయన్ని అడిగి, ఆయన ఇంట్లో పూజలో పెట్టుకునే రకం ఐసీ తెప్పించాను. ధర మా ఆవిడకి చెప్పలేదు, మీకూ చెప్పను. చార్జరు పెట్టి విన్నాను. హమ్ము లేదు. ఏ చప్పుడూ లేదు. చెరువు అడుగున కూర్చున్నట్టుంది. ఆదివారం చీపురుపల్లి బండెక్కాను.

అత్త పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. కూర్చుంది. ఇంకా కూర్చుంది. నేను వీణ పెట్టాను, సన్నాయి పెట్టాను, ఆవిడకి ఇష్టమైనవన్నీ పెట్టాను. కాసేపటికి తీసి ఒళ్ళో పెట్టుకుని, పాడయిపోయినట్టుందిరా అంది. పాడవలేదత్తా, ఇప్పుడే బాగయిందన్నాను. శ్రుతి పెట్టె పెట్టి చూశాం, మైకు తెచ్చి దాని ముందు పెట్టి చూశాం. అత్త ఒకసారి నోరు తెరిచి, వెంటనే మూసేసింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను తప్పంతా ఐసీదే అనుకున్నాను. ఇంకోటి తెప్పించాను. వెచ్చదనం ఎక్కువట. అది నచ్చక ఇంకోటి, పెద్దవాళ్ళ చెవికి ఇది మృదువుగా ఉంటుందని గ్రూపులో ఒక డాక్టరుగారు చెప్పారు. ఆయన పశువుల డాక్టరని తర్వాత తెలిసింది. ప్రతి ఆదివారం నేను వెళ్ళడం, బేసులోంచి ఒకటి పీకి ఇంకోటి గుచ్చడం, అత్త చిన్నపిల్లలా తల వంచి పెట్టించుకోవడం, తీసేసి నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోవడం. మావయ్యకి మొదట్లో ఉన్న గౌరవం తగ్గిపోయింది. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో విమానాలు దిగడానికి పట్టినంత కాలం నీ పని కూడా పడుతుందేమో అల్లుడూ అన్నాడు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని ఇంకో మాట కూడా గొణిగాడు. వినబడనట్టు ఊరుకున్నాను, ఆ ఇంట్లో ఆ సౌకర్యం నాక్కూడా ఉందని.

చివరికొక ఆదివారం నేను సంచిలోంచి ఐసీల డబ్బా తీస్తుంటే అత్త మూత మూసేసింది.

"ఇక ఒగ్గీరా. పెన్ డ్రైవే పెట్టుకోమని సెప్పీమన్నాను మీ మావని. నా వల్ల అవదు."

ఆ మాట చాలా మామూలుగా అంది. మావయ్య ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలీదు. మరి మొదటిసారి అంత బాగా ఎలా పాడావత్తా అని గట్టిగా, ఊరంతా వినబడేట్టు అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"మొదటిసారి నువ్వు శ్రుతి పెట్టి తెచ్చినావు గదరా. లోపల నిలకడగా మోగింది. అయిదు శ్రుతికి వెంట్రుకవాసి పైన ఉన్నాది, పోన్లే, ఎరగడు గదా అని సద్దుకున్నాను. ఆ తరవాత అదేటి తీసీసినావు? నాకు సెప్పకుండా తీసీడమేటి?"

పాటగాళ్ళు శ్రుతుల్ని అంకెలతో చెప్పుకుంటారు, ఆడవాళ్ళు చాలామంది అయిదు దగ్గర పాడతారు, మా అత్తదీ అయిదే. మన ఇళ్ళల్లో కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది, దాని హమ్ము అందుకు రెట్టింపు, వందసార్లు. వంద అంటే, ఫోన్లో చూశాను, అయిదుకి కింది స్థాయిలో, సరిగ్గా వెంట్రుకవాసి పైన. వయసు మీద పడితే చెవికి ముందు దూరమయ్యేవి సన్నటి శబ్దాలు, లావు శబ్దాలు చివరిదాకా అంటిపెట్టుకుని ఉంటాయి. శ్రుతి పెట్టెలో ఉండే గవ్వంత స్పీకరు లావు శబ్దం పలకలేదు. నా వంకర తీగ పలికింది. ఇన్ని ఆదివారాలు నేను బండి కట్టుకుని వచ్చి, పూట పూటకీ మెరుగుపరిచి, ఆవిడ చెవిలోంచి శ్రుతిని తీసేసి వెళ్ళాను.

దాచడానికేముంది, చెప్పేశాను. అత్తా, అది శ్రుతి కాదు. నేను టంకం సరిగ్గా పెట్టక వచ్చిన దోషం, కరెంటు మోత. చెవి దగ్గర అరుస్తూ చెప్పాల్సి రావడం వల్ల నా అజ్ఞానం వీధిలోకి కూడా వెళ్ళింది. ఆవిడ శ్రద్ధగా వింది.

"తప్పయితే అంత నిలకడగా ఉంటాదేటి? అదే కావాల. ఎల్లి పట్రా."

వెళ్ళి పట్టుకురావడం. కూర తరిగినంత తేలిగ్గా చెప్పింది. నేనూ అలాగే అనుకున్నాను. మంచి పనికైతే నైపుణ్యం కావాలి గానీ చెడగొట్టడానికేం కావాలి? ఆ వారం తెలిసింది. దోషం పిలిస్తే రాదు. గ్రౌండు తీగ తీసేస్తే హమ్ము బదులు బరబరమని గోకుడు వచ్చింది. వంకరగా పెడితే ఒకసారి మోగింది, ఒకసారి మోగలేదు, ఒకసారి మరీ సన్నగా ఈగలా పలికింది. మొదటిసారి ఆ మోత పలికిన ఐసీ పీకి గుచ్చడంలో కాళ్ళు విరిగి ఎప్పుడో పోయింది. తర్వాత కొన్న గొప్ప ఐసీలేవీ దాన్ని దగ్గరికి రానివ్వలేదు, వాటి గొప్పతనమే అది. గ్రూపులో అడిగాను, అయ్యా, మంచి లావుపాటి హమ్ము నిలకడగా రావాలంటే ఏం చెయ్యాలి అని. గాలి ఆడే ఆయన నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

నాకు దారి చూపించడానికి మిగిలింది ఆ మోత ఒక్కటే. అది ఎలా ఉండేదో మర్చిపోకూడదని నోట్లో పట్టుకుని తిరిగాను. స్నానం చేస్తూ, ఆటోలో, స్టాఫ్ రూములో, మ్ మ్ అంటూనే ఉన్నాను. మా ఆవిడ ముందు తిట్టింది, తర్వాత భయపడింది, తర్వాత వాళ్ళ అక్కకి ఫోను చేసి ఏదో చెప్పుకుంది. డబ్బాలో అడుగున పడేసిన ఫ్యాక్టరీ ఐసీ, మొదటిదే, ఎవరూ విలువివ్వనిది, దాన్ని పెట్టాను. కాస్త దగ్గరికొచ్చింది. పాత తీగముక్కనే వెతికి, పాత వంకరలోనే తిప్పి పెట్టాను. ఇంకాస్త. కానీ మా ఇంటి చార్జరు మంచిది, అదీ గండమే. మావయ్య చార్జరు చీపురుపల్లి సంతలో పోగులేసి అమ్మే రకం. అక్కడికి తీసుకెళ్ళి దానికి తగిలించాకే అసలు హమ్ము నిండుగా, లోతుగా పలికింది. జేబులో వేసుకుని దేశమంతా తిరగడానికి చేసిన యాంపు, గోడకి, ఆ చార్జరుకి కట్టేస్తే గాని పనికిరానిదైంది. అత్త పెట్టుకుని, తలూపి, ఇదే అంది.

ధనుర్మాసం మొదటిరోజు నేనూ వెళ్ళాను. కోవెల మండపంలో చాప వేసి, ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, మావయ్య చార్జరు, నా యాంపు, అత్త శాలువా మీదుగా హెడ్‌ఫోను. ముందు మైకు. కమిటీ పెద్ద మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. ఎందుకైనా మంచిదని పెన్ డ్రైవ్ కూడా తెచ్చాడు. అది వినబడేలాగే చెప్పాడు, అత్తకి కాదు, మాకు. అత్త ఆయన పెదాలు చూసింది. పట్టుచీర చెంగు వేళ్ళకి చుట్టుకుంది, విప్పింది.

అర్చకుడు తెర వేశాడు. అత్త ఎత్తుకుంది.

పాడుతోంది. మొదటి పాట అయింది, గొంతు వేడెక్కి రెండోది ఇంకా పైకి వెళ్ళింది. చలిలో వచ్చిన పదిమందీ గోడలకి ఆనుకుని కూర్చున్నారు. మావయ్య స్తంభం వెనక నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. నిరుడు పాట వదిలేసిన చోటు వచ్చింది. అది దాటబోతుండగా కరెంటు పోయింది.

దీపాలు ఆరిపోయాయి, మైకు చచ్చింది. యాంపు మాత్రం చక్కగా బ్యాటరీ మీదికి మారింది. ఏ మచ్చా లేని, ఏ మోతా లేని, వేలు పోసి కొన్నవాళ్ళకి గాని దొరకని స్వచ్ఛమైన నిశ్శబ్దం అత్త చెవుల్లో నిండిపోయింది. ఆవిడ పాట మధ్యలో తెగిపోయింది. తెర పక్కనుంచి పడుతున్న గర్భగుడి దీపం వెలుగులో ఆవిడ మొహం కనిపించింది. కళ్ళు తెరిచి చీకట్లోకి చూస్తోంది, ఎవరో చెయ్యి వదిలేసినట్టు. కమిటీ పెద్ద జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి, అదీ కరెంటుతోనే పాడుతుందని గుర్తొచ్చి మళ్ళీ పెట్టేసుకున్నాడు. అర్చకుడు గంట పట్టుకుని తెర పక్కనుంచి తొంగిచూశాడు.

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఏం చెయ్యాలో ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేవాణ్ణి కాదు, నేను ఇంట్లో దీపారాధన పాట కూడా పెదాలు కదిపి సరిపెట్టేవాణ్ణి. హెడ్‌ఫోను ఒక పక్క ఎత్తి, ఆవిడ చెవికి నోరు ఆనించి, ఆ మోత మోగించాను. మ్... వారాల తరబడి దాన్ని చంపడానికి, తర్వాత బతికించడానికి దాని వెంట తిరిగాను. దేవుడి సన్నిధిలో చెబుతున్నాను, లోకంలో ఇంకే స్వరమైనా నాకు రాదు, అదొక్కటి వచ్చు.

అత్త తల నా వైపు వంచింది. చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా ఛాతీ మీద, గొంతు కింద ఆనించుకుంది. కాస్త గట్టిగా అన్నట్టు వేలితో పొడిచింది. గట్టిగా మోగించాను. హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. తెగిన చోట కాదు, ఆ పాట మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకుంది.

కాసేపటికి కరెంటొచ్చింది. దీపాలు భగ్గున వెలిగాయి, మైకు కూడా ప్రాణం పోసుకుని, నా మ్ మ్ అన్న మూలుగుని నాలుగు దిక్కులా కట్టిన హారన్లలోంచి ఊరంతటికీ వినిపించింది. ఎవరో నవ్వారు కూడా. ఒళ్ళోని హెడ్‌ఫోనులో అసలు హమ్ము మొదలై ఉంటుంది, ఇక నా అవసరం లేదు. సిగ్గుతో ఆపి, హెడ్‌ఫోను తీసి ఆవిడ తలకి పెట్టబోయాను. అత్త కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పక్కకి నెట్టేసి, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునే చోట అంది.

"ఆపకు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే శ్రుతి వణుకుతుందని మింగేసి, తెర తీసేదాకా మోగుతూనే ఉన్నాను.